తొమ్మిది వికెట్ల టీ

పోటీలోంచి టీ తీసేస్తే మిగిలేది "పో" ఒక్కటే. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఆల్డర్‌షైర్ కౌంటీ క్రికెట్ క్లబ్బు సభ్యుల సమావేశంలో లేచి నిలబడి నేనన్న మాట ఇది. సభ్యులు బల్లలు చరిచారు. ఛైర్మన్ మాత్రం ఆ మిగిలిన ముక్కనే నాతో అన్నట్టు చూశాడు.

నా పేరు డెస్మండ్ గిల్బీ. స్కెల్‌బీ ఊళ్లో తాళాల కొట్టు నాది. ఊరందరి తలుపులకూ తాళం వేయగలను గానీ నా నోటికి వేసుకోలేనని మా ఆవిడ మ్యూరియల్ అంటుంది. నేను మాట్లాడటం మొదలుపెడితే తాళేవాళ్లు తక్కువ, తాళం తీసుకుని పారిపోయేవాళ్లు ఎక్కువ. కాబట్టి అసలు సంగతికి వస్తాను.

మా ఛైర్మన్ పియర్స్ లాంగ్లీది స్నానపు తొట్టెల వ్యాపారం. ఏది చూసినా ఆయనకు కడగాలనిపిస్తుంది. కౌంటీ క్రికెట్‌కు మురికి పట్టిందనీ, ఒకసారి శుభ్రంగా తోమితే గానీ జనం రారనీ ఆ రోజు గంటసేపు చెప్పాడు. ఇప్పుడున్న రెండు డివిజన్లు తీసేసి పద్దెనిమిది కౌంటీలనూ మూడు గుంపులు చేస్తారట. ఒక్కో జట్టు ఆడే నాలుగు రోజుల మ్యాచ్‌లు పధ్నాలుగు నుంచి పదికి తగ్గుతాయట. నడి వేసవంతా దీపాల కింద మూడు గంటల్లో ముగిసే బాదుడు ఆటకు వదిలేస్తారట. ఏ గుంపులో ఎవరు ఎవరితో ఎన్నిసార్లు ఆడతారో చూపించే బొమ్మ తెర మీద వేశాడు. అది లండన్ భూగర్భ రైళ్ల పటంలా ఉంది. ఎక్కడ ఎక్కాలో తెలిసింది గానీ ఎక్కడ దిగాలో ఎవరికీ తెలియలేదు.

"మరి స్కెల్‌బీ వారం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఆ పది మ్యాచ్‌లూ పెద్ద మైదానంలోనే. చిన్న ఊళ్లకు ఇక తిరగం," అన్నాడు లాంగ్లీ, తొట్టెలో అడుగు బిరడా పీకేసినంత తేలిగ్గా.

స్కెల్‌బీ వారమంటే ఏడాదికి ఒక్కసారి, జులైలో, కౌంటీ జట్టు మా ఊరి మైదానానికి వచ్చి ఆడే వారం. మిగతా యాభై ఒక్క వారాలూ దానికోసం ఎదురుచూడ్డానికి మాకు ఇచ్చినవి. అది పోతే నా దగ్గర తాళాలు మిగులుతాయి, తెరవడానికి ఏమీ మిగలదు.

మార్పు జరగాలంటే పన్నెండు కౌంటీలు ఒప్పుకోవాలి. మా కౌంటీ మాట మా సభ్యులు చెప్పాలి. "ఆ సభ స్కెల్‌బీలోనే పెడదాం. ఆ వారం చివరి రోజు, టీ వేళకు, టీ డేరాలోనే. మీకే సౌకర్యం," అన్నాడు లాంగ్లీ. ఎంత మర్యాదస్థుడు అనుకున్నాం. ఇంటికి తిరిగొచ్చే బస్సులో సగం దూరం వచ్చాక మా స్టాండుకు పెద్దదిక్కు ఎడ్నా క్రాపర్ అల్లిక పక్కన పెట్టి అడిగింది.

"అవునర్రా, మన జట్టు నాలుగో రోజు టీ వేళ దాకా ఆడి ఎన్నాళ్లయింది?"

బస్సంతా ఆలోచనలో పడింది. మా జట్టు సాధారణంగా మూడో రోజు మధ్యాహ్నానికే ఓడిపోయి, సామాన్లు సర్దుకుని, మర్యాదగా ఇళ్లకు వెళ్లిపోతుంది. నాలుగో రోజు టీ వేళకు స్కెల్‌బీ మైదానంలో గడ్డి, పావురాలు, లాంగ్లీ మనుషులు తప్ప ఎవరూ ఉండరు. సభకు కావలసిన కోరం ఇరవై ఐదుగురే.

"అయితే ఆట అయిపోయినా మనం కదలకుండా అక్కడే కూర్చుందాం," అన్నాను నేను.

"కదలకుండా కూర్చోవడం మనకేమైనా కొత్తా?" అంది ఎడ్నా. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు ఆమెకూ తెలియదు.

*

మే నెలంతా ఊరు ఊరంతా ఉద్యమమే. ఉద్యమానికి ఒక ముఖం కావాలి కదా. మా ఊళ్లో ముఖాలు అంత చూడముచ్చటగా ఉండవు కాబట్టి కేకును ఎంచుకున్నాం. స్కెల్‌బీ వారంలో టీ డేరా నడిపేది మా మ్యూరియల్. ఆమె చేసే అల్లం కేకు కోసం పొరుగు కౌంటీల వాళ్లు కూడా తమ జట్టు ఓటమిని ఓర్చుకుంటూ వస్తారు. మాంసం కొట్టువాడి అద్దం మీద, చర్చి వాకిట్లో, బస్టాపులో, ఎక్కడ చూసినా "మ్యూరియల్ కేకును కాపాడండి" అన్న బోర్డులే. వాటిలో సగం నేను రాసినవే.

ఒక ఆదివారం పొద్దున్న వంటింటి బల్ల మీద పదో బోర్డుకు రంగు వేస్తున్నాను. మ్యూరియల్ వచ్చి భుజం మీదుగా చూసింది.

"ఇది నేనా?"

"నీ కేకు."

"ఎడమవైపు కుంగింది."

"అది కళ."

"డెస్, కూర్చో."

మా ఇంట్లో "కూర్చో" అన్న మాట ఎవరో పోయినప్పుడే వాడతారు. కూర్చున్నాను. "ఎవరు?" అన్నాను.

"ఎవరూ పోలేదు. ఆ సభలో నేను చెయ్యెత్తబోతున్నా."

"ఎత్తాల్సిందే. అందరం ఎత్తుతాం."

"మీరెత్తినప్పుడు కాదు. లాంగ్లీ ఎత్తమన్నప్పుడు."

నా చేతిలో కుంచె బోర్డు మీద ఆగిపోయింది. కేకు మీద ఎర్రరంగు చుక్క పడి చెర్రీపండు అయింది.

"నీకు ఓటు ఎక్కడిది?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"జంట సభ్యత్వం చౌక అని నువ్వే కట్టావు. నేనూ సభ్యురాలినే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోని సభ్యురాలిని."

"మ్యూరియల్, నీ కేకుకోసం ఊరంతా…"

"ఊరంతా తింటుంది. చేసేది నేను. జులై అంటే నీకు ఆట. నాకు జులై అంటే కీరా దోసకాయ. తొక్క తియ్యి, కొయ్యి, వెన్న రాయి, అంచులు కొయ్యి, మళ్లీ మొదలుపెట్టు. నీకు స్కోరు ఎంతైతే నాకు ఓవెన్లో కాల్చాల్సిన స్కోన్లు అన్ని. ఆ డేరాలో నిలబడితే చప్పట్లు వినిపిస్తాయి. అవి ఎందుకో తొంగి చూద్దామనుకునేలోపు ఇంకో బంతి జనం వచ్చి కూర్చుంటారు. ఇన్నేళ్లలో నేనొక్క బంతి చూడలేదు డెస్."

మాకు బంతి అంటే ఎర్రగా, గుండ్రంగా, కుట్లతో ఉండేది. ఆమెకు బంతి అంటే వడ్డించాల్సిన వరస. ఒకే ఇంట్లో ఒకే మాట మీద ఇద్దరం ఇన్నాళ్లు కాపురం చేశామన్నమాట.

"చూడాలని ఉంటే చెప్పొచ్చు కదా?"

"అడిగుంటే చెప్పేదాన్ని."

మాటలతో గారడీ చేసేవాణ్ణి. ఆ పూట కుంచె తుడుచుకుంటూ కూర్చున్నాను.

"ఈ జులై చేస్తా, మాటిచ్చాను కాబట్టి. ఇదే ఆఖరు. వచ్చే జులై నాది. దాంతో ఏం చేసుకోవాలో అప్పుడు చూసుకుంటా." అని చెప్పి, బోర్డు వైపు చూసి, "ఆ చెర్రీ బావుంది," అంటూ బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? ఊరంతా ఆమెను రథం ఎక్కించి ఊరేగిస్తోంది. దేవతే దిగిపోతానంటోందని పూజారి చెబితే భక్తులు ముందు ఎవణ్ణి తంతారో నాకు తెలుసు. జూన్‌లో జనం ఆమెను వీధిలో ఆపి చేతులు పట్టుకుని, "మీ కేకును పోనివ్వం మిసెస్ గిల్బీ, మా ప్రాణాలు అడ్డేస్తాం," అనేవాళ్లు. ఆమె "థాంక్యూ" అనేది. పక్కన నేను నవ్వేవాణ్ణి. పళ్ల డాక్టరు ముందు నోరు తెరిచినట్టు ఉండేది ఆ నవ్వు.

*

జులై వచ్చింది. స్కెల్‌బీ వారం వచ్చింది. దానితోపాటు వానా వచ్చింది. మా జట్టులో ఎప్పుడూ ఫామ్ కోల్పోని ఆటగాడు వానొక్కటే. రెండు రోజుల్లో సగం ఆటను అదే తినేసింది. అందువల్ల లాంగ్లీ లెక్క తప్పి మ్యాచ్ నాలుగో రోజుకు చేరింది. చేరిందే గానీ నిలబడలేదు. గెలిచే ఆశ మూడో రోజే పోయింది, సాయంత్రం దాకా అవుటవకుండా ఉంటే చాలనుకున్నాం. భోజనం బల్లల మీద పళ్లేలు తీయకముందే మావాళ్ల తొమ్మిదో వికెట్టు పడింది.

క్రీజులో మిగిలింది మా వికెట్ కీపర్ సాజిద్ రెహ్మత్. అతనికి తోడుగా పదకొండో నంబరు రోరీ ఫెన్‌విక్ వచ్చాడు. రోరీ ఆరున్నర అడుగుల ఫాస్ట్ బౌలర్. బ్యాటు పట్టుకుంటే పక్కింటివాళ్ల పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఉంటాడు. ఏడుస్తుందేమో, ఎప్పుడు తిరిగిచ్చేద్దామా అన్న చూపు.

మొదటి ఓవరు నిలబడ్డాడు. రెండోదీ నిలబడ్డాడు. మూడో ఓవరు అయ్యేసరికి ఎడ్నా అల్లికసూది పైకెత్తి చాటింపు వేసింది.

"ఎక్కడున్నోళ్లు అక్కడే! ఒక్కరు కదిలినా ఊరుకోను."

ఇది మా దగ్గర చట్టం. జోడీ కుదురుకున్నప్పుడు చూసేవాడు కుర్చీ మారకూడదు, కాలు మీద కాలు వేసుకుని ఉంటే తీయకూడదు, టోపీ ఒళ్లో ఉంటే నెత్తిన పెట్టకూడదు. బ్యాట్స్‌మన్ను నిలబెట్టేది అతని కాళ్లు కాదు, మా పిర్రలు.

రిటైరైన బస్సు డ్రైవరు వాల్టర్ హెబ్డిచ్ ఆ సమయానికి మరుగుదొడ్డి తలుపు దగ్గర ఉన్నాడు. పాపం, పని ముగించుకునే వస్తున్నాడు. అక్కడే ఆగిపోయాడు. ఓవరుకోసారి అక్కణ్ణుంచి అరిచేవాడు.

"ఇప్పుడు రానా?"

"వద్దు!" అనేది స్టాండు మొత్తం.

లాంగ్లీ మనుషుల్లో ఒకాయన, తివాచీల వ్యాపారి హ్యూబర్ట్, డేరాకు పోతూ బూటు తాడు ఊడిందని ఎడ్నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. తాడు కట్టుకుని లేవబోయాడు. ఎడ్నా అతని మోకాలి మీద సూది మొన ఆనించింది.

"నాకు మీటింగుందమ్మా," అన్నాడతను.

"మీటింగు రేపైనా ఉంటుంది నాయనా. పదకొండో నంబరోడు రేపుండడు. కూర్చో."

కూర్చున్నాడు. పావుగంటకు మెడ ముందుకు చాచాడు. అరగంటకు, "ఆ ఎడమచేతి బౌలర్ను మార్చరేం?" అని నన్నే అడిగాడు.

అలా దాదాపు రెండు గంటలు గడిచాయి. రోరీ ఒక్క పరుగూ చేయలేదు. ఏమీ చేయకపోవడంలో ఇంత వైభవం ఉంటుందని ఎవరికి తెలుసు?

టీ వేళ అయింది. అంపైర్లు బెయిల్స్ తీసేస్తారు, అందరం లేచి డేరాకు వెళ్లి లాంగ్లీ పని పడతాం అనుకుని నడుములు సవరించుకున్నాం. పెద్ద అంపైరు స్కోరుబోర్డు వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. బెయిల్స్ ముట్టుకోకుండా తన చోటుకు వెళ్లి నిలబడ్డాడు.

సవరించుకున్న నడుములు సవరించుకున్నట్టే ఆగిపోయాయి.

తొమ్మిది వికెట్లు పడి ఉంటే టీ వేళకు టీ ఇవ్వరు. ఆఖరు వికెట్టు పడేదాకానో, అరగంట గడిచేదాకానో ఆట సాగుతుంది. ఈ నియమం మా ఊళ్లో పసిపిల్లలకు కూడా పేరుతోపాటు నేర్పుతాం. కానీ దాన్నీ ఈ సభనూ కలిపి ఆలోచించిన మనిషి ఆల్డర్‌షైర్‌లో ఒక్కడూ లేడు. సభ టీ విరామానికి కాదు, గడియారం ప్రకారం టీ వేళకు. డేరాలో లాంగ్లీ మొదలుపెట్టేసి ఉంటాడు.

"ఎవరైనా వెళ్లాలి," అన్నాడు నా వెనక కూర్చున్న పోస్టుమాస్టరు పెదవులు కదలకుండా.

"అందరం వెళ్లాలి," అన్నాను.

"అందరం ఒకేసారి లేస్తే రోరీ బంతి మానేసి మనల్ని చూస్తాడు. పోతాడు."

"వెళ్లకపోతే వచ్చే ఏడు ఈ మైదానమే పోతుంది!"

"మైదానం వచ్చే ఏడు పోతుంది," అంది ఎడ్నా, అల్లిక మీంచి కళ్లెత్తకుండా. "వికెట్టు ఇప్పుడు పోతుంది."

ఈ ఆటను కాపాడాలంటే ఈ ఆట చూడటం మానాలి. ఇంతకంటే పెద్ద శిక్ష మాకు ఏ శత్రువూ వేయలేడు. వందమంది ఓటర్లం, వంద కుర్చీలకు మేకులు కొట్టినట్టు అలాగే ఉండిపోయాం.

కానీ వాళ్లెవరికీ తెలియనిది నాకొకటి తెలుసు. ఆ డేరాలో మ్యూరియల్ ఉంది. ఆమెకొక చెయ్యి ఉంది. కనీసం ఆ చేతికి నా చెయ్యి అడ్డం పెట్టాలి. ఓవరు అయింది. లేచాను.

"డెస్మండ్ గిల్బీ!" ఎడ్నా గొంతు. "ఈ వికెట్టు పడిందంటే నీ పేరు నేను పలకను."

వంగి వంగి కుర్చీల మధ్యనుంచి వెళ్తుంటే బ్యాటు పట్టినవాడికి బంతి కనపడేందుకు నిలబెట్టే పెద్ద తెల్ల తెర వెనక తాడు దగ్గర కాపలా మనిషి ఆపేశాడు. బౌలరు చేతికి వెనకగా ఎవరూ నడవకూడదు. కింగు వచ్చినా ఓవరు అయ్యేదాకా ఆగాల్సిందే. ఆగాను. రోరీ ఆరు బంతులకూ బ్యాటు అడ్డం పెట్టాడు. తాడు దించారు. పరిగెత్తాను. మరుగుదొడ్డి దగ్గర వాల్టర్ నన్ను చూసి, "నువ్వు కదిలావు కదా! మరి నేను?" అన్నాడు. ఆగి జవాబు చెప్పే ఊపిరి లేదు.

డేరాలో మైదానం వైపు తెర దించేసి ఉంది. చప్పట్ల గోలకు మాటలు వినపడటం లేదని దించారట. లోపల లాంగ్లీ పాలడబ్బాల పెట్టె మీద నిలబడి వేలితో తలలు లెక్కపెడుతున్నాడు.

"ఇరవై మూడు… ఇరవై నాలుగు… హ్యూబర్ట్ ఏడి?"

"ఇందాక బూటు తాడు కట్టుకుంటానన్నాడు," అన్నారెవరో.

"తాడు కడుతున్నాడా, తాడు పేనుతున్నాడా!"

కార్యదర్శి, సన్నగా దోసకాయ ముక్కలా ఉంటాడు, గొంతు సవరించుకున్నాడు. "పావుగంటలో ఇరవై ఐదుగురు లేకపోతే సభ రద్దండి. మళ్లీ పిలవాలంటే నెల ముందు చెప్పాలి. అప్పటికి గడువు దాటిపోతుంది."

"ఇంకా ఎంతసేపుంది?"

"రెండు నిమిషాలు."

లాంగ్లీ చూపు డేరా అంతా తిరిగి బల్ల వెనక ఆగింది. మ్యూరియల్ పెద్ద కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ముఖం తళతళలాడింది, కొత్త తొట్టెలాగే.

"మిసెస్ గిల్బీ! మీరూ సభ్యులే కదా?"

నేను గుమ్మం దగ్గరున్నాను. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అప్పుడు తట్టింది. నేను లోపలికి పోతే ఇరవై ఐదోవాణ్ణి నేనే. "వద్దు" అనడానికి వచ్చి "వద్దు" అనేవాడు ఒక్కడే ఉన్న సభను నేనే బతికిస్తాను. వెనక్కి పోదామంటే మ్యూరియల్ ఉంది. ఆమె చెయ్యెత్తుతానని ముందే చెప్పింది. నన్ను చూసింది కూడా.

సరిగ్గా అప్పుడు బయట చప్పట్లు. మామూలు చప్పట్లు కావు. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఒకటే మోత.

మ్యూరియల్ తెర వైపు తల తిప్పింది. "ఎందుకవి?" అంది.

"ఏవి?" అన్నాడు లాంగ్లీ.

"ఆ చప్పట్లు."

ఇరవై నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లాంగ్లీ చెయ్యి గాల్లో ఊపాడు. "ఏదో… ఫోరు కొట్టుంటారు. మిసెస్ గిల్బీ, మీరు ఉన్నట్టు రాసుకోమంటారా?"

మ్యూరియల్ కెటిల్ వైపు చూసింది.

"నేను మీటింగులో లేను," అంది. "టీ పోస్తున్నా."

"పోనీ, అదిగో మీ ఆయన!" లాంగ్లీ వేలు నా మీదికి తిరిగింది. "ఇరవై ఐదు!"

"ఆయన మీటింగుకు రాలేదు. కెటిల్ మోయడానికొచ్చాడు." బల్ల చుట్టూ తిరిగి వచ్చి కెటిల్ నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో డెస్. బరువు. నడుము వంచకు, మోకాళ్లు వంచు. వాళ్లు లేచి రాలేరుగా, మనమే తీసుకెళ్దాం."

నిజంగానే బరువు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ దాన్ని ఎత్తలేదు.

*

మేం స్టాండుకు చేరేసరికి కొత్త ఓవరు మొదలవుతోంది. "కూర్చోండి, కూర్చోండి!" అంది ఎడ్నా. ఉన్నది ఒక్క కుర్చీ, నాది. పాల జగ్గు పట్టుకుని ముందొచ్చిన మ్యూరియల్ అందులో కూర్చుంది. నేను కెటిల్‌తో నిలబడిపోయాను. "ఎక్కడున్నోడు అక్కడే," అంది ఎడ్నా నాకేసి చూడకుండా. అలా అందంటే క్షమించినట్టే.

బౌలరు పరిగెత్తుకొచ్చాడు. రోరీ పసిబిడ్డను ముందుకు చాచినట్టు బ్యాటు చాచాడు. బంతి దానికి తగిలి, అతని కాళ్ల దగ్గరే పడి, చచ్చిపోయింది. వందమంది ఒక్కసారిగా నిట్టూర్చారు.

"అంతేనా?" అంది మ్యూరియల్.

"అంతే," అన్నాను.

"దీనికోసమా ఇన్నేళ్లూ?"

"దీనికోసమే."

ఆమె రెండో బంతికి జగ్గు కింద పెట్టింది. నాలుగో బంతికి హ్యూబర్ట్ వైపు వంగి, "ఆ చేతులు కట్టుకున్నాయన అంత దగ్గరగా నిలబడ్డాడేంటి?" అని అడిగింది. హ్యూబర్ట్ రెండు గంటల అనుభవంతో ఆమెకు ఆట అంతా విడమరిచి చెప్పాడు. అందులో సగం తప్పు. ఆమె మిగతా సగం పట్టుకుంది.

తర్వాత టీ ఇచ్చారు. టీ అయ్యాక ఎడ్నా ఆజ్ఞ మీద అందరం మళ్లీ ఎవరి చోట్లలోకి వాళ్లం. మ్యూరియల్ నా కుర్చీలో, నేను కెటిల్‌తో, వాల్టర్ మరుగుదొడ్డి దగ్గర. సాయంత్రం అంపైర్లు బెయిల్స్ తీసేసరికి రోరీ ఇంకా ఉన్నాడు. మ్యాచ్ డ్రా. ఎడ్నా వాల్టర్‌ను విడుదల చేసింది.

లాంగ్లీ మూడు గుంపులకు పన్నెండు కౌంటీలు కావాల్సి ఉండగా పదకొండే ఊ అన్నాయి. మాది ఊ అనలేదు, ఊహూ అనలేదు. మేం కోరం అన్నది కోరం లేకనే నెగ్గింది. ఊరంతా మ్యూరియల్‌కు జేజేలు కొట్టింది. టీ పోస్తూ పోస్తూ కౌంటీని కాపాడిన వీరనారి అన్నారు. ఆమె "థాంక్యూ" అంది.

ఆ సాయంత్రం డేరా బల్లలు తుడుస్తుంటే అడిగాను. "చెయ్యెత్తుతానన్నావుగా?"

"ఎత్తుదామనే ఉన్నా." గుడ్డ పిండింది. "ఇరవై నాలుగు మంది. ఒక్కడికీ ఆ చప్పట్లు ఎందుకో తెలీదు. నాకూ తెలీదు. అలాంటివాళ్లలో ఇరవై ఐదో మనిషి అక్కర్లేదనిపించింది." గుడ్డ మళ్లీ తడుపుతూ, "ఇంతకీ ఎందుకవి?" అంది.

"సాజిద్ యాభై కొట్టి ఉంటాడని నేననుకున్నా. కాదట. రోరీ నిలబడి రెండు గంటలు నిండాయట."

"నిలబడినందుకా!" మ్యూరియల్ గుడ్డ బల్ల మీద పడేసింది. "నిలబడితే చప్పట్లు కొడతారా? ఈ డేరాలో నేనెన్ని గంటలు నిలబడ్డానో నీకేమైనా తెలుసా?"

నేను చప్పట్లు కొట్టబోయాను. ఆమె చూపు చూసి మానుకుని గుడ్డ తీసుకున్నాను.

"వచ్చే జులై మాత్రం నాదే," అంది. "ఆ మాటలో మార్పు లేదు."

*

ఆ జులై ఇదే.

ఇవాళ స్కెల్‌బీ వారం చివరి రోజు. పొద్దున్నుంచి కీరా దోసకాయలు కోస్తున్నాను. తొక్క తియ్యి, కొయ్యి, వెన్న రాయి, అంచులు కొయ్యి. నా అల్లం కేకు ఎడమవైపు కుంగింది. అది కళ అంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు. మ్యూరియల్ నా కుర్చీలో, నా దిండు వేసుకుని, ఎడ్నా పక్కన కూర్చుని ఉంది. అవతల హ్యూబర్ట్. ఈ ఏడు ఒక్క రోజూ మానలేదతను. తివాచీల కొట్టు ఎవరు చూస్తున్నారో తెలియదు.

లాంగ్లీ మళ్లీ వచ్చాడు. ఈసారి మూడు కాదు, నాలుగు గుంపులట. మ్యాచ్‌లు మాత్రం పదే. సభ మళ్లీ ఈ డేరాలోనే, టీ వేళకే. ఈసారి మాత్రం ఎన్ని వికెట్లు పడ్డాయో చూసి మరీ మొదలుపెడతాడట.

వెన్న రాస్తూ ఆలోచించాను. పది మ్యాచ్‌లంటే మరీ తక్కువేం కాదు. మనిషన్నవాడికి కాస్త విశ్రాంతి ఉండాలి. స్కెల్‌బీ వారం అన్నది ఏటా రావాలని ఎక్కడుంది? ఏడాది విడిచి ఏడాది వచ్చినా వచ్చినట్టే. భోజనాల వేళ మ్యూరియల్ డేరాలోకి వస్తే ఈ మాటే కాస్త మెల్లగా అన్నాను.

"లాంగ్లీ చెప్పేదాంట్లోనూ కొంత న్యాయం ఉందేమో మ్యూరియల్. సభలో వింటే తప్పేముంది?"

ఆమె నా చేతిలోంచి శాండ్‌విచ్ తీసుకుని కొరికింది. నమిలింది. ముక్కలో మిగిలిపోయిన తొక్క తీసి పళ్లెం అంచున పెట్టింది.

"నువ్వు మీటింగులో లేవు డెస్," అంది. "టీ పోస్తున్నావు."

వెళ్తూ వెళ్తూ మైదానం వైపు తెర ఎత్తి కట్టి పోయింది. అయినా ఏం లాభం, బల్ల దగ్గర నుంచి కనపడేది తెల్ల తెర వీపు ఒక్కటే. ఇప్పుడే బయట చప్పట్లు మోగాయి. పెద్ద చప్పట్లు. వాటి మధ్య మ్యూరియల్ ఈల కూడా వినిపించింది. మా ఆవిడకు ఈల వచ్చని నాకు ఇవాళే తెలిసింది.

"ఎందుకవి?" అని గట్టిగా అరిచాను. కెటిల్ దించి ఒక్కసారి తొంగి చూసొద్దామనుకున్నాను.

ఇంకో బంతి జనం వచ్చి కూర్చున్నారు.